వార్తల్లో ‘పెంపుడు కొడుకు’ ఎందుకు?

సంపాదకులకు,

ఆస్తి గొడవలో తండ్రి మీద కొడుకు చెయ్యి చేసుకుంటే, ఆ అబ్బాయి దత్తత వచ్చినవాడైతే చాలు, ‘పెంపుడు కొడుకు ఘాతుకం’ అని శీర్షిక పడుతుంది. ‘కన్నకొడుకే’ అని రాసినప్పుడు అందులో ఆశ్చర్యం వినిపిస్తుంది. ‘పెంపుడు కొడుకు’ అంటే మాత్రం నేరానికి కారణం చెప్పేసినట్టే ఉంటుంది. పోలీసులు చెప్పిన కారణం లోపల ఆరో లైన్లో ఉంటుంది, అంతవరకు చదివేవాళ్లెంతమంది?

మా అమ్మాయి పదో తరగతి. మేం దత్తత తీసుకున్నామని తనకు చిన్నప్పటి నుంచీ తెలుసు, దాచింది లేదు. మొన్న అలాంటి వార్త చదివి, “కొడుకు అని రాస్తే సరిపోదా అమ్మా?” అంది. పేపర్ మడిచి పక్కన పెట్టి టిఫిన్ కూడా సరిగ్గా తినకుండా స్కూలుకెళ్లింది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1956 నాటి హిందూ దత్తత చట్టం సెక్షన్ 12 ప్రకారం, దత్తత జరిగిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా ఆ ఇంటి బిడ్డే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని సెక్షన్ 63 ఇంకా తేటగా, ఆ దంపతులకే పుట్టినట్టు లెక్క అంటుంది, వారసత్వంతో సహా. మా పాప బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్నవి మా పేర్లే. దత్తత ఎప్పుడో ఒకనాడు పూర్తయిన పని. ముప్పై ఏళ్లొచ్చినా దాన్ని మనిషి పేరు ముందు తగిలించడం ఏం న్యాయం?

వార్తకు ఆ సంగతి నిజంగా అవసరమైతే ‘ఫలానా ఏడాది దత్తత తీసుకున్నారు’ అని లోపల ఒక వాక్యం రాయండి, అభ్యంతరం లేదు. జన్మనిచ్చినవాళ్లను ‘అసలు తల్లిదండ్రులు’ అనకండి. అలా అంటే పెంచినవాళ్లు నకిలీలైపోతారు. ‘కన్నవాళ్లు’ అని మనకు మంచి మాటే ఉంది.

నాయకులు ప్రత్యర్థిని వెక్కిరించడానికి ‘దత్తపుత్రుడు’ అంటే, వాళ్ల మాటగా కోట్స్‌లో వేయండి గానీ శీర్షికకు ఎక్కించకండి. అది మా పిల్లలకు తిట్టులా తగులుతోంది. జూపార్కులో జంతువుల ఖర్చు భరించడాన్నీ, ఎంపీలు ఊళ్లను ఎంచుకోవడాన్నీ దత్తత అనే రాస్తున్నారు. వాటికి గడువు తీరిపోతుంది, పిల్లల విషయంలో అలా కాదు. జంతువులకూ, ఊళ్లకూ ‘పోషణ బాధ్యత’ అన్నా పాఠకులకు అర్థమవుతుంది.

మీ డెస్క్‌లో శీర్షికలు పెట్టేవాళ్లకు ఈ ఉత్తరం ఒకసారి చూపించమని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్