ప్రొపెల్లర్ ఒక్కటి మారిస్తే సరిపోదు, షాఫ్ట్ కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

దుంగో రాయో తగిలి ప్రొపెల్లర్ దెబ్బతిన్న బోట్లు రిపేరు చేయించుకుని బయల్దేరడం, నెల తిరక్కుండానే మళ్ళీ ఆగిపోవడం చూసి చూసి ఈ ఉత్తరం రాస్తున్నా. కంటికి కనిపించేది వంగిన రెక్క కాబట్టి దాన్ని సరిచేయించి, లేదంటే కొత్తది బిగించి, పనైపోయింది అనుకుంటారు. కానీ ఆ దెబ్బ రెక్క దగ్గరే ఆగదండీ, ప్రొపెల్లర్‌ని తిప్పే కడ్డీ, అంటే షాఫ్ట్ మీదుగా, అది ఆని తిరిగే బేరింగ్, దాన్ని గేర్‌బాక్స్‌కి కలిపే కప్లింగ్, చివరికి గేర్‌బాక్స్ దాకా పోతుంది.

మా బోటుకే జరిగింది. నీళ్ళ అడుగున దుంగ తగిలి ఇంజిన్ దడదడలాడి ఆగిపోయింది, ఒక రెక్క కొస మడత పడింది. కొత్త ప్రొపెల్లర్ వేయించాం. నెమ్మదిగా పోతే బాగానే ఉండేది, స్పీడు పెంచితే కాళ్ళ కింద పలక జివ్వుమనేది, కొత్తది కదా సర్దుకుంటుందిలే అనుకున్నాం. తిరిగే దాంట్లో బ్యాలెన్స్ తప్పితే ఆర్‌పీఎం రెట్టింపైనప్పుడు ఆ ఊపు బలం నాలుగు రెట్లవుతుంది, అందుకే తక్కువ స్పీడులో ఏమీ తెలీదు. కొన్నాళ్ళకి షాఫ్ట్ బోటులోంచి బయటికెళ్ళే చోట నీళ్ళు ఆపే గ్లాండ్ దగ్గర చుక్కచుక్కగా రావాల్సిన నీళ్ళు ధారగా రావడం మొదలైంది, అందులో షాఫ్ట్ చుట్టూ పెట్టే తాడు, అంటే ప్యాకింగ్ బిగించేకొద్దీ గ్లాండ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. విప్పి చూస్తే బేరింగ్‌లో రబ్బరు చుట్టూరా అరిగిపోయింది. రబ్బరు ఒకవైపే అరిగితే అలైన్‌మెంట్ (షాఫ్ట్, ఇంజిన్ ఒకే వరసలో ఉండటం) తప్పినట్టు, చుట్టూరా అరిగితే షాఫ్టే వంగి ఉండొచ్చు అని అప్పుడే తెలిసింది. షాఫ్ట్ బయటికి లాగి వి ఆకారం గాడి ఉన్న దిమ్మల (వి బ్లాకుల) మీద పెట్టి, వంకర కొలిచే డయల్ గేజ్ ఆనించి తిప్పితే వంకర తేలింది. మొదటి రోజే ఆ పని చేయించి ఉంటే అరపూటలో తేలిపోయేది.

ఇంకోటి, రెక్కని సుత్తితో బాది కంటి లెక్కన సరిచేయడం. రెక్కలు అతికి ఉండే నడిమి భాగం, అంటే హబ్ మీద 24 X 18 అని ఉంటే 24 అంగుళాల వ్యాసం, జారుడు లేకపోతే ఒక చుట్టుకి 18 అంగుళాలు ముందుకు పోవాలి అని. ఆ 18నే పిచ్ అంటారు, అన్ని రెక్కలకీ అది ఒకేలా రావాలి, అది అచ్చు దిమ్మ మీద పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది, ఆ తర్వాత బ్యాలెన్స్ కూడా చూడాలి. ఇత్తడి రకం ప్రొపెల్లర్ గులాబీ రంగుకి తిరిగి, చిన్న సుత్తితో తడితే ఖంగుమనకుండా మొద్దుగా మోగితే అందులో జింక్ కరిగిపోయినట్టే, దాన్ని రిపేరు చేయించినా వృథా. ఇక హబ్ ఊడకపోతే గ్యాస్ మంట ఒకే చోట పెట్టి సుత్తి దెబ్బలు వేస్తారు, దయచేసి హబ్‌ని లాగి ఊడదీసే పుల్లర్ వాడండి, సుత్తి దెబ్బలన్నీ గేర్‌బాక్స్ బేరింగుల మీదకే పోతాయి.

షాఫ్ట్‌కి కీ (హబ్ షాఫ్ట్ మీద జారిపోకుండా పెట్టే లోహపు ముక్క) కూర్చునే గాడి మూలల్లో పగుళ్ళు కంటికి కనపడవు, పగుళ్ళలోకి దిగే రంగు పూసి చూసే డై టెస్ట్ చేయిస్తే ఎర్ర గీత పడుతుంది. అరిగిన చోట వెల్డింగ్ పోసి లేత్ పట్టే వాళ్ళున్నారు, నాకైతే దాని మీద నమ్మకం లేదు, వేడి తగిలిన అంచు దగ్గర లోహం బలహీనపడుతుంది. లోపల విరిగిందంటే షాఫ్ట్ వెనక్కి జారిపోవచ్చు, అది బయటికెళ్ళే కన్నంలోంచి నీళ్ళు లోపలికొస్తాయి, మనుషులు ఎక్కి ఉంటారు, అదే నా భయం.

బిగించేటప్పుడు ముందు కీ లేకుండా హబ్ ఎక్కించి ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకోవాలి, కీ పెట్టాక కూడా అక్కడికే రావాలి, రాకపోతే హబ్ కీ మీద ఆగిందని అర్థం, షాఫ్ట్ కొస సన్నబడే భాగం, అంటే టేపర్ మీద కూర్చోలేదు. కప్లింగ్ అలైన్‌మెంట్ ఒడ్డు మీద చూసి వదిలేయకూడదు, నీళ్ళలోకి దిగితే బోటు అడుగు కొంచెం రూపు మారుతుంది, ఒక రోజు ఆగి అప్పుడు సందు కొలిచే పల్చని రేకులు, అంటే ఫీలర్ గేజ్ పెట్టాలి. కప్లింగ్ రెండు బిళ్ళలు, అంటే ఫ్లాంజ్‌లు 5 అంగుళాల వ్యాసం ఉంటే వాటి మధ్య సందులో తేడా 5 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) దాటకూడదు అని లెక్క.

నేను అడిగేది ఒకటే. రిపేరు చేసేవాళ్ళు షాఫ్ట్ ఎంత వంకరుంది, సరిచేశాక ఎంతకొచ్చింది, కప్లింగ్ రీడింగ్ ఎంత అని ఒక కాగితం మీద రాసివ్వాలి, బోటు వాళ్ళు ఆ కాగితం లేకుండా బోటు తీసుకోకూడదు. మీ పేపర్లో ఈ మాట వేస్తే చాలామందికి చేరుతుంది.

ఇట్లు,
ఒక బోటు డ్రైవర్