శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ: ఫారంలో ఒక్క గడి పెట్టించండి

అయ్యా,

నమస్కారం. ఇది నాలుగో ఉత్తరం. ముందు రాసిన మూడింటికీ "మీ అర్జీని సంబంధిత విభాగానికి పంపాం" అని ఒకటే జవాబు వచ్చింది. ఆ సంబంధిత విభాగం ఏదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అందుకే ఈసారి నలుగురి ముందూ అడుగుతున్నాను.

బయోసెన్సర్ల (రక్తంలాంటి నమూనాలో ఒక అణువు ఎంతుందో కొలిచే పరికరాల) గ్రాంటు గురించి మీకు నేను చెప్పేదేముంది? దరఖాస్తులో "కనిష్ఠంగా ఎంత గాఢతను పట్టగలదు?" అని ఒక గడి ఉంది. మార్కులన్నీ దానికే. గాఢత పెరిగితే పైన ఎంతవరకు రీడింగ్‌ను నమ్మొచ్చు అని అడిగే గడే లేదు.

మా తిప్పలన్నీ ఆ పై కొసలోనే ఉన్నాయి. దాదాపు 50 నానోమీటర్ల మందం ఉన్న బంగారు పొర మీద యాంటీబాడీలు అతికిస్తాం. మనం వెతికే అణువులు వచ్చి వాటిని పట్టుకుంటే, పొర మీంచి తిరిగొచ్చే కాంతి బాగా తగ్గిపోయే కోణం జరుగుతుంది; మేం కొలిచేది దాన్నే. కానీ ఖాళీలు కొన్నే కదా. ఒకే రకం యాంటీబాడీ అయితే 10 శాతం నుంచి 90 శాతం నిండడానికి గాఢత 81 రెట్లు పెరిగితే చాలు. ఆ తర్వాత ఎంత పోసినా కోణం కదిలేది కొంచెమే. మరి శరీరం 81 రెట్ల దగ్గర ఆగుతుందా? గర్భం లేనప్పుడు మిల్లీలీటరుకు 5 మిల్లీ యూనిట్ల లోపుండే హెచ్‌సీజీ హార్మోన్, మూడో నెలకల్లా లక్ష దాటొచ్చు.

"పల్చన చేసి మళ్లీ పెట్టండి" అన్నారు మీ కమిటీ సభ్యులొకరు. ఎన్ని రెట్లు పల్చన చేయాలో తెలియాలంటే ఎంతుందో ముందే తెలియాలి కదండీ! అది తెలిస్తే ఇక సెన్సర్ ఎందుకు?

రెండు యాంటీబాడీల మధ్య అణువును బిగించి మెరుపు చూసే రకంలో ఇంకా ఘోరం. అణువులు మరీ ఎక్కువైతే ఒక్కో యాంటీబాడీకి ఒక్కో అణువు దొరికిపోతుంది, జత కుదరదు, రీడింగ్ పడిపోతుంది. అంటే ఎక్కువ ఉన్నవారికే తక్కువ అని వస్తుంది. ముత్యాల గర్భంలో (పిండం సరిగా ఎదగక, మాయ కణజాలం నీటి బుడగల్లా పెరిగే అసాధారణ గర్భంలో) హెచ్‌సీజీ విపరీతంగా పెరిగి, పరీక్ష నెగెటివ్ చూపించడం డాక్టర్లకు తెలిసిన సంగతే. అలా తప్పుగా వచ్చిన ఫలితం చూసి నిశ్చింతగా ఇంటికెళ్లే మనిషిని తలుచుకుంటేనే నాకు టెన్షన్.

దారి లేక కాదు. గట్టిగా పట్టేవి, వదులుగా పట్టేవి పక్కపక్కన ఒకే చిప్ మీద పెట్టొచ్చు. నిండేదాకా ఆగకుండా మొదట్లో ఎంత వేగంగా అతుక్కుంటున్నాయో కొలవొచ్చు. మేం రాసి పంపింది ఇదే. "కనిష్ఠ పరిమితిలో మెరుగుదల లేదు" అని తిప్పి పంపారు. అవును, లేదు. ఉందని మేం అననే లేదే!

ఫారంలో ఆ ఒక్క గడి పెట్టించండి. పోనీ, మా కాగితం మరోసారి చదివించండి. అదీ కుదరకపోతే ఆ సంబంధిత విభాగం అడ్రసైనా చెప్పించండి, ఐదో అర్జీ నేనే తెచ్చి వాళ్ల చేతికిస్తాను.

ఇట్లు,
ఒక పరిశోధకురాలు