తాజ్‌మహల్ చూసొచ్చానే

విజయనగరం

ఒసే పద్మా,

ఎలగున్నావే? శ్రీకాకుళంలో కొత్తిల్లు సర్దుకోడం అయిందా? ఆగ్రా నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఫోన్లో చెబుదామంటే సగంలో మీ బుడ్డోడు లాగేసుకుంటాడు, అందుకే ఉత్తరం.

ఆ తెల్లదనం సంగతి వదిలెయ్, ఫొటోల్లో నువ్వూ చూశావు. నాకు గొంతు పూడుకుపోయింది లోపల, సమాధుల దగ్గర. (అసలువి కింద నేలమాళిగలో ఉన్నాయి, మనం చూసేవి పైన కట్టినవి.) ముంతాజ్‌ది సరిగ్గా నట్టనడుమ. షాజహాన్‌ది పక్కన, ఓ వారకి. అంత కొలిచి కొలిచి కట్టినచోట ఆ ఒక్కటే పొంతన లేకుండా ఉంటది. ఆ నడిమి చోటు ఆవిడ కోసమని కట్టిందే మరి.

బళ్ళో మనకి "భార్య గుర్తుగా కట్టించాడు" అని ఒక్క ముక్కతో సరిపెట్టేశారు. కూలీల చేతులు నరికించాడన్న కథ మాత్రం బాగా చెప్పారు, దానికి ఆధారమే లేదు! ఆవిడ అసలు పేరు అర్జుమంద్ బాను. 1612లో పెళ్లయింది, 1631లో పోయింది. ఆ 19 ఏళ్లలో 14 కాన్పులే పద్మా! ఏడుగురిని మట్టికిచ్చి, మళ్లీ కడుపుతోనే మొగుడి వెంట దండయాత్రలకి తిరిగింది. ఆఖరి కాన్పు దక్కన్లో, బుర్హాన్‌పూర్‌లో. పాప బతికింది, తల్లి పోయింది. అక్కడే తపతి ఒడ్డున తోటలో పూడ్చి, ఆర్నెల్లకి ఆగ్రా తెచ్చారు.

గైడు ఇదంతా చెబుతుంటే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పద్నాలుగా?" అంది, అంతే. మా అమ్మమ్మ తొమ్మిదో కాన్పుకి నొప్పులు పడుతూ, ఎడ్లబండి మీద గజపతినగరం తీసుకొస్తుంటే దారిలోనే పోయింది కదా. అప్పుడు అమ్మకి పదేళ్లు. తాతయ్య మళ్లీ పెళ్లి చేసుకోలేదు, ఆవిడ చీర ఒకటి తలగడ కింద పెట్టుకునే పడుకునేవాడు.

షాజహాన్‌కి ప్రేమ లేదని నేననను. ఆ దిగులుకి గడ్డం నెరిసిపోయిందని అప్పటివాళ్లే రాశారు. కానీ అంత ప్రేమించినవాడు ఆవిణ్ణి ఇంకొంచెం బతకనివ్వలేకపోయాడే అని నాకు ఒకటే బాధ. 1658లో కొడుకు ఔరంగజేబు ఆయన్ని ఆగ్రా కోటలో బందీగా పెట్టేశాడు. 1666లో పోయేదాకా ముంతాజ్ కూతురు జహనారా ఆయన వెంటే ఉంది. తల్లి పోయేనాటికి ఆ పిల్లకి 17 ఏళ్లు. ఆ కోట నుంచి యమున ఒడ్డున తాజ్‌మహల్ కనిపిస్తది. అమ్మ అక్కడ చాలాసేపు నిలబడింది, నేను పిలవలేదు.

నీకు పేఠా తెచ్చాను, బూడిదగుమ్మడికాయతో చేస్తారది. ఆదివారం బేగి బస్సెక్కి వచ్చేస్తాం, అమ్మ కూడా వస్తానంటోంది. చేపల పులుసు పెట్టి ఉంచు.

నీ
సరోజ