నాన్న చేతిలో అదురు

సంపాదకులకు,

కవిటి, సోంపేట, మందస తోటల్లో కొబ్బరి దింపి, జీడిపిక్కలేరి పిల్లల్ని చదివించిన నాన్నలెందరో కిడ్నీలు చెడి ఇప్పుడు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీదుంటున్నారు. నొప్పని నోరెత్తరు. ఫాదర్స్ డే స్టేటస్ పెడితే తీరే రుణమా అది? ముందు ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి ధమనిని, సిరను కలిపిన చోటు) ఉన్న చేతిని చూడటం నేర్చుకోవాలి. రోజూ పొద్దున్నే దానిమీద వేళ్లు ఆనిస్తే తుమ్మెద రొదలా జుమ్మని అదరాలి. అదురు ఆగిందంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, మర్నాటికి ఆగితే ఫిస్టులా దక్కకపోవచ్చు. ఆ చేతికి బీపీ పట్టీ, సెలైన్ సూది, బిగుతు వాచీ వద్దు. బరువు మోయకూడదు. తలకింద పెట్టుకుని పడుకోకూడదు (మన నాన్నలకు అదే అలవాటు!).

రోజుకు తాగే నీళ్లు సాధారణంగా ముందురోజు మూత్రం కొలతకు అర లీటరు కలిపినంతే. టీ, మజ్జిగ, గంజి అన్నీ అందులోనే. కచ్చితమైన లెక్క డాక్టరునే అడగాలి. చెట్టు పెంచినవాణ్ణి కొబ్బరినీళ్లు తాగొద్దనడం కష్టమే. కానీ వాటిలోని పొటాషియం ఒంట్లో పెరిగితే గుండె లయ తప్పుతుంది. నడుంనొప్పికి మందులషాపులో అడిగి మాత్రలు తెచ్చివ్వకండి, మిగిలిన కాస్త కిడ్నీనీ అవి తినేస్తాయి.

– ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా