మీ నాన్నగారి పద్యాలూ, ఆ డీవీడీలూ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం నిన్న చేరింది. మీ నాన్నగారి క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించావని చదివి ఎంత సంతోషమేసిందో! ఆయన కృష్ణుడి వేషంలో పద్యం ఎత్తుకుని రాగం సాగదీస్తుంటే జనం "వన్స్‌మోర్" అని అరవడం, హార్మోనియం మళ్ళీ మొదటికి రావడం, అన్నీ భద్రమన్నమాట. కానీ చివర్లో "డీవీడీల మీద కొట్టేశాను, ఇక ల్యాప్‌టాప్‌లోవి తీసేస్తా" అన్నావు చూడూ, గుండె ఆగినంత పనైంది. ఆగరా బాబూ. ఇంకా ఒక్క ఫైలూ తీసేయకు.

"బర్న్ పూర్తయింది" అంటే లేజరు తన పని ముగించిందని మాత్రమే. డిస్కులోని రంగు పొర ఆ వేడికి సరిగ్గా మారిందో లేదో తిరిగి చదివితేగానీ తెలియదు. ఫైళ్ళ పేర్లు కనబడ్డాయని నమ్మేయకు. ఆ పేర్ల పట్టిక ఉండేది డిస్కు లోపలి వైపు, మొదట్లో. రాత అక్కణ్ణుంచి అంచుకు పోతుంది. గీతలు, వేలి మరకలు ఎక్కువగా పడేదీ ఆ అంచుమీదే. సీడీ నాణ్యతలో గంట రికార్డింగు 600 మెగాబైట్ల పైమాటే కాబట్టి, 4.7 జీబీ డిస్కుకు నాలుగు సి-90 (తొంభై నిమిషాల) క్యాసెట్లు చాలు. అంచు ఖాళీగా మిగిలితే మంచిదే.

ఇప్పుడు అసలు పని. ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క తీయి. విండోస్‌లో దానికి సెర్ట్‌యుటిల్ అనే ప్రోగ్రాము ముందే ఉంటుంది, ఇంకేదీ కొనక్కర్లేదు. ఫైలుకు వేలిముద్రలాంటి 64 అక్షరాల వరస వస్తుంది, లోపల ఒక్క బిట్టు మారినా వరసంతా మారిపోతుంది. ఆ వరసలన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టుకో. తర్వాత డిస్కును బయటికి తీసి మళ్ళీ పెట్టి, అందులోని ఫైళ్ళకూ అలాగే వరసలు తీసి పోల్చు. బయటికి తీసి పెట్టడం మాత్రం మానకు, లేకపోతే కంప్యూటరు తన జ్ఞాపకంలో ఉన్నదాన్నే చూపించి సరిపోయిందనవచ్చు. ఇంకా మేలు, కొట్టిన డ్రైవులో కాకుండా మీ తమ్ముడి పాత కంప్యూటర్లో పెట్టి వరసలు తీయి. ఒక డ్రైవు తను రాసింది తను చదువుకోవడం గొప్పేం కాదు, పరాయి డ్రైవు చదవాలి.

అన్నీ కలిశాయనుకో, అయినా ఎంతసేపు పట్టిందో గమనించు. డిస్కులో తప్పులు దిద్దుకునే ఏర్పాటు ఉంటుంది. కొన్ని చోట్ల రాత చెడినా మిగతా అంకెల్నుంచి లెక్కగట్టి సరైనదే ఇస్తుంది, మనకు తెలియనివ్వదు. అందుకని ఒకే పెట్టెలోంచి తీసిన డిస్కుల్లో ఒకటి మాత్రం నత్తనడక నడుస్తుంటే, డ్రైవు గరగరమని మళ్ళీమళ్ళీ వెనక్కి పోతుంటే, ఆ డిస్కు ఈరోజు చదివినా నమ్మకు. ఇంకోటి కొట్టు. ఈసారి గరిష్ఠ వేగం పెట్టకు.

ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టావా? డిస్కు మీద ఫైళ్ళ పేర్లు రాసే జోలియట్ పద్ధతిలో పేరుకు 64 అక్షరాలే హద్దు, "శ్రీ" ఒక్కటే నాలుగు లాక్కుంటుంది. పొడుగు పేర్లు తెగిపోతే నీ టెక్స్ట్ ఫైల్లోని పేర్లతో కలవవు. చిన్న పేర్లే పెట్టు.

ఇంకో మాట. వరసలు కలిస్తే డిస్కు ల్యాప్‌టాప్‌కు నకలని తేలుతుంది, అంతే. ఆ ల్యాప్‌టాప్ ఫైలే సగంలో తెగిపోయి ఉంటే డిస్కులోనూ అదే తెగుడు నమ్మకంగా వస్తుంది. కాబట్టి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్రతి పద్యం మొదలూ, మధ్యా, చివరా విను. టేపు ముగిసేచోట మరీ శ్రద్ధగా.

డిస్కుల మీద జిగురు లేబుళ్ళు అంటించకు, మార్కరుతో మధ్యలో రాయి చాలు. డల్లాస్‌లో మీ అక్కయ్యకు పంపేదానికి తోడు పెన్‌డ్రైవు కూడా పెట్టు, ఈ రోజుల్లో ల్యాప్‌టాప్‌లకు డిస్కు డ్రైవే ఉండటం లేదు. ఆ వరసల టెక్స్ట్ ఫైలూ అందులో వెయ్యి, అక్కడ బావగారు సరిచూసుకుంటారు.

ముందు కృష్ణుడి పద్యాల డిస్కు చూసి నాకు ఫోన్ చెయ్యి. అది మొరాయించినా కంగారుపడకు, అసలు నీ దగ్గరే ఉంది.

నీ
మూర్తి