స్కాన్ చేసిన పుస్తకాలకు తెలుగులో పేర్లు రాయించండి

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు ఎంఏ తెలుగు చదువుతోంది. 1930ల నాటి 'భారతి' పత్రికలో వచ్చిన ఒక వ్యాసం కావాలంటే, నేను చూస్తానమ్మా అని మా శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. పాత సంచికలు అక్కడ ఉండవని నాకు తెలుసు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయని ఎవరో చెబితే, గ్రంథాలయం కంప్యూటర్‌లో చూద్దామని వెళ్లాను. కంప్యూటర్ మీద పాత చీర ముక్క కప్పి ఉంది. నెట్ కనెక్షన్ తీసేసి ఏడాది దాటిందట. "నేను రెండు శాఖలు చూస్తున్నాను మాస్టారూ, ఇక్కడికి రోజు మార్చి రోజు వస్తాను" అన్నాడు గ్రంథపాలకుడు. అతని మీద నాకు కోపం లేదు. పుస్తకాలను ప్రాణంగా చూసుకునే మనిషి.

చివరికి రెండు రాత్రులు ఫోన్‌లో వెతికి అమ్మాయే ఆ సంచిక పట్టుకుంది. తెలుగులో పేరు కొడితే రాలేదు. ఇంగ్లీషులో నాలుగైదు రకాల స్పెల్లింగులతో కొడితే ఒకదానికి వచ్చింది. తీరా తెరిచి చూస్తే, వ్యాసంలో మూడో పేజీ తర్వాత ఆరో పేజీ ఉంది. స్కాన్ చేసేటప్పుడు రెండు కాగితాలు కలిసి తిరిగిపోయాయి. ఇంకో పేజీ అంచున, కాగితాన్ని నొక్కి పట్టుకున్న వేలు కనిపిస్తోంది. ఎక్కడో ఎవరో కష్టపడి ఒక్కో పేజీ తిప్పారు కదా, ఆ పని మీద పది నిమిషాలు ఇంకెవరైనా కూర్చుని సరిచూసి ఉంటే బాగుండేదని ప్రాణం ఉసూరుమంది.

ఆన్‌లైన్‌లో ఉన్న పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటి పరిస్థితి ఇదే. 'ఆంధ్ర' అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, సున్నా కోసం మధ్యలో ఒక కామా లాంటి గుర్తు పెడితే, ఏ పాఠకుడు అలా కొట్టి వెతుకుతాడు? ఒకే పుస్తకం మూడు పేర్లతో మూడు చోట్ల ఉంటుంది. రచయిత పేరు ఉండాల్సిన చోట ప్రచురణకర్త పేరుంటుంది.

పుస్తకాలు స్కాన్ చేయించే పని మన దగ్గర ఎప్పుడో మొదలైంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాలుపంచుకుంది. అలా స్కాన్ చేసినవి పెట్టిన 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' వెబ్‌సైట్‌లోకి వేల తెలుగు పుస్తకాలు చేరాయి. కొన్నేళ్ల క్రితం ఆ వెబ్‌సైట్ మూతపడింది. పుస్తకాల మీద ప్రేమ ఉన్నవాళ్లు వాటిని దించి, ఎవరైనా ఉచితంగా చదువుకోగల ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టబట్టి ఈరోజు మనకు దొరుకుతున్నాయి. ప్రభుత్వ డబ్బుతో చేసిన పనిని వాలంటీర్లు కాపాడారు. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ మన గ్రంథాలయాలు ఈ బాధ్యతను ఎంతకాలం వాళ్ల నెత్తిన వదిలేస్తాయి?

వేటపాలెం సారస్వత నికేతనానికి చాలాసార్లు వెళ్లాను. 1918లో పుట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిన భవనం. అక్కడి పాత పత్రికల కట్టలు తెరిచేటప్పుడు నేను ఊపిరి బిగబట్టి తెరుస్తాను. కాగితం అప్పడంలా విరుగుతుంది, అంచులు ఒళ్లో రాలతాయి. ఇలాంటి చోట్ల స్కానింగ్ ఇక ఏళ్ల తరబడి వాయిదా వేసే పని కాదు. అయితే చేసేటప్పుడే పేజీలు సరిచూసి, పేరు, రచయిత, సంవత్సరం తెలుగు అక్షరాల్లో ఎక్కించాలి. తర్వాత చూద్దాం అనుకుంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

కాపీరైట్ అడ్డం అంటారు కొందరు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లకు హక్కు తీరిపోతుంది. వీరేశలింగం గారు 1919లో, గిడుగు వారు 1940లో పోయారు. వాళ్ల పుస్తకాలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముందు అవి చేద్దాం.

డబ్బు మాటకొస్తే, ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనందరం కడుతున్నాం. మునిసిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసిన ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరాలి. బకాయిల గురించి మీ పత్రికలాంటి పత్రికల్లోనే ఎన్నోసార్లు చదివాను. అది సక్రమంగా చేరితే ఒక శాఖలో నెట్ బిల్లు కట్టడం పెద్ద విషయమా? మా శాఖలో గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలు పొద్దున ఎనిమిదింటికే వచ్చి కూర్చుంటారు. ఉన్న ఒక్క ప్లగ్ పాయింట్ దగ్గర వంతులవారీగా ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని, సొంత డేటాతో పాఠాలు చూసుకుంటారు. నెలాఖరుకి డేటా అయిపోతే ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరు హాట్‌స్పాట్ అడుగుతారు. ఇది చూస్తుంటే నాకు సిగ్గేస్తుంది.

గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కాలువల వెంట ఊరూరా తిప్పిన ప్రాంతం ఇది. ఆయన చదువరి వస్తాడని ఒడ్డున కూర్చోలేదు.

ప్రతి జిల్లాలో రిటైరైన తెలుగు టీచర్లు ఉన్నాం, తెలుగు ఎంఏ చేసి ఖాళీగా ఉన్న పిల్లలు ఉన్నారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు తలా ఒక జాబితా పంచితే పేర్లు సరిదిద్దడం, పేజీలు సరిచూడడం మొదలవుతుంది. పిల్లలకు పుస్తకానికి ఇంతని చెల్లించాలి, మాలాంటివాళ్లకు అక్కర్లేదు. అరసున్నా, బండి ఱ ఉన్న పాత ముద్రణ చదవగలిగినవాళ్లం రోజురోజుకీ తగ్గిపోతున్నాం. నాకు డెబ్భై ఒకటి. కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. రోజుకు రెండు గంటలు మా శాఖలో కూర్చుని ఈ పని చేస్తాను. అధికారులు ఆ కంప్యూటర్‌కి నెట్ ఇప్పిస్తే చాలు, రేపే వస్తాను.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
బాపట్ల జిల్లా