నాలుగు భాషల నాటకం: నల్లగొండ నుంచి నారాయణపేట దాకా జమా ఖర్చుల వివరణ

దాతలకు, కళాకారులకు, ప్రదర్శనలకు వచ్చిన అందరికీ,

తెలుగు, లంబాడీ, దక్కనీ ఉర్దూ, కన్నడం, వీటితో పాటు సైగ భాష. డప్పు, కిన్నెర, కోలాటం. ఇవన్నీ కలిపి, వినపడని కళాకారులు, చక్రాల కుర్చీలో ఉన్న కళాకారులు కూడా కలిసి నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్, నారాయణపేటల్లో ఆడిన నాటకం లెక్కలివి. తెర లేదు, సెట్టు లేదు, ఇన్ని పైసలు ఎక్కడ పోయాయని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. స్టేజీ మీద కనిపించని వాటికే ఎక్కువ పోయాయి.

మొత్తం జమ రూ. 3,51,977
మొత్తం ఖర్చు రూ. 3,38,568
నిల్వ రూ. 13,409 (బ్యాంకులో రూ. 12,989, చేతిలో రూ. 420)

ముందు జమ. పోయిన విడత నిల్వ రూ. 18,340. రసీదు పుస్తకాల మీద వచ్చిన చందా రూ. 1,58,500. ఎనిమిది పుస్తకాల్లో 400 రసీదులుంటే 331 చింపినవి, 6 రద్దు చేసినవి, 63 ఖాళీవి. రద్దయిన వాటి అసలు, నకలు రెండూ పుస్తకంలోనే అంటించి ఉన్నాయి. కమిటీ ఖాతా క్యూఆర్ కోడ్‌కు వచ్చింది రూ. 92,760. ఇందులో రూ. 8,450 ఎవరు పంపారో తేలలేదు; జమలో చూపించాం, రసీదు మాత్రం రాయలేదు. పంపినవాళ్లు లావాదేవీ నంబరు చూపిస్తే రాసిస్తాం. ఆట అయ్యాక తిప్పిన జోలెలో పడింది రూ. 41,215: నల్లగొండ 14,380, దేవరకొండ 6,905, మహబూబ్‌నగర్ 12,470, నారాయణపేట 7,460. జోలెను అక్కడికక్కడే, కమిటీలో లేని ఇద్దరు ప్రేక్షకుల ముందు విప్పి లెక్కపెట్టి, కాగితం మీద వాళ్ల సంతకం తీసుకున్నాం. చక్రాల కుర్చీ స్టేజీ ఎక్కడానికి చేయించిన ర్యాంపు కోసమే అని ఇద్దరు దాతలు ఇచ్చింది రూ. 40,000. బ్యాంకు వడ్డీ రూ. 1,162.

ఖర్చులో పెద్ద పద్దు కళాకారుల కూలి, రూ. 1,40,000. పద్నాలుగు మందికి రిహార్సల్ రోజుకు 500 చొప్పున పన్నెండు రోజులు (84,000), ఆట రోజుకు 1,000 చొప్పున నాలుగు ఆటలు (56,000). రిహార్సల్‌కు కూలి ఏంటన్న మాట ప్రతిసారీ వస్తుంది. వీళ్లలో సగానికి పైగా కూలి పనికి పోయేవాళ్లే. పత్తి ఏరే రోజుల్లో పిలిస్తే ఎవరూ రారు, రమ్మనడం కూడా తప్పే. పత్తి అయిపోయాక పెట్టుకున్నా ఆ రోజు కూలి పోతూనే ఉంటుంది. ఏ రోజు పైసలు ఆ రోజు సాయంత్రమే మస్టర్ (హాజరు పట్టీ) మీద సంతకమో వేలిముద్రో తీసుకుని ఇచ్చాం. చివర్లో ఒక్కసారే ఇస్తే ఒక్కొక్కరిది రూ. 5,000 దాటి రెవెన్యూ స్టాంపు కావాలి; అంతకంటే ముఖ్యం, మధ్యలో మానేసినవాళ్ల లెక్క తెగదు.

సైగ భాష దుభాషులకు రూ. 25,000. ఆటకు ఇద్దరు చొప్పున, ఒక్కొక్కరికి 2,000 (16,000); రిహార్సల్‌కు ఒకరు, ఆరు రోజులు, రోజుకు 1,500 (9,000). ఒక్కరితో సరిపెట్టొచ్చు కదా అంటే కుదరదు. అరగంట ఆపకుండా సైగ చేస్తే చేతులతో పాటు బుర్ర కూడా అలిసిపోయి మాటలు జారిపోతాయి. లంబాడీ పాటను ముందు తెలుగులో అర్థం చేసుకుంటే గాని సైగలోకి రాదు కాబట్టి నేరుగా ఆట రోజు వచ్చి చేసే పని కాదిది. చక్రాల కుర్చీలో ఉన్న ముగ్గురు కళాకారులకు ముగ్గురు సహాయకులు, పదహారు రోజులు, రోజుకు 400 చొప్పున రూ. 19,200.

ర్యాంపుకు రూ. 35,300: 18 మి.మీ. ప్లైవుడ్ 8×4 అడుగుల షీట్లు నాలుగు 9,600, ఇనుప చట్రం, రెయిలింగు, వెల్డింగు 21,500, రబ్బరు మ్యాటు 4,200. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. టెంటు వాళ్ల స్టేజీ మామూలుగా మూడడుగులు; దానికి 36 అడుగుల ర్యాంపు పెట్టే జాగా ఎక్కడా లేదు. అందుకని స్టేజీనే రెండడుగులకు దించాం. మూడు షీట్లు మూడు ముక్కలు, ఒక్కో ముక్క ఎనిమిది అంగుళాలు లేస్తుంది. నాలుగో షీటును రెండుగా కోసి ఒకటి రెండో ముక్క తర్వాత ఆగడానికి, ఇంకోటి పైన కుర్చీ తిప్పుకోవడానికి వేశాం. ముక్కకూ ముక్కకూ మధ్య అర అంగుళం సందున్నా కుర్చీ ముందు చక్రాలు ఇరుక్కుంటాయి, అందుకే అతుకుల మీద ఇనుప పట్టీ. మంచు పడితే ప్లైవుడ్ జారుతుంది కాబట్టి మ్యాటు. రెయిలింగు రెండు వైపులా పెట్టించడానికి కారణం మన నల్లగొండ జిల్లా సంగతే: ఫ్లోరోసిస్‌తో నడుము, మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లు కుర్చీలో కూర్చోరు, రెండు చేతులా పట్టుకుని నడుస్తారు. దాతలు ఇచ్చిన దాంట్లో మిగిలిన రూ. 4,700 ర్యాంపు మరమ్మతుకే ఉంచాం, వేరే దేనికీ తీయలేదు.

ప్రయాణాలు రూ. 31,400: మనుషుల బండి 21,400, ర్యాంపు మోసిన ట్రాలీ 10,000. ఒక్కో ముక్క నలుగురు పట్టాల్సినంత బరువు, అది వ్యాను మీద ఎక్కేది కాదు.

స్టేజీ, సౌండ్, లైట్లు, జనరేటర్ డీజిల్ కలిపి రూ. 48,600. స్టేజీ రెండు చోట్లే కట్టించాం (13,000). మిగతా రెండు హాళ్లలో స్టేజీ మరీ ఎత్తు, పైగా పక్కన మెట్లే. అక్కడ స్టేజీ వదిలేసి కింద నేల మీదే ఆడాం, జనం మూడు వైపులా కూర్చున్నారు. నిజానికి ఆ రెండు ఆటలే బాగా పండాయి. సౌండ్ ఆటకు 4,500 (18,000). లైట్లకు ఆటకు 3,600 (14,400), పాత హాలోజన్ లైట్లయితే దీంట్లో సగానికే వచ్చేవి. కానీ కిన్నెర తీగ వాయిద్యం; తీగను నొక్కి స్వరం పట్టే మెట్లను దాని మీద తేనె మైనంతో అతికిస్తారు. హాలోజన్ వేడికి మైనం మెత్తబడి మెట్టు కదిలిందంటే స్వరం పోయినట్టే. అందుకే ఎల్ఈడీ. అందులో ఒక లైటు ఆటంతా దుభాషి చేతుల మీదే ఉండాలి. స్టేజీ చీకటి చేసే సీన్లలోనూ అది ఆర్పొద్దని లైట్ అతనికి ముందే చెప్పుకోవాలి. డీజిల్ 3,200.

టెంటు వాళ్లతో ఇంకో పేచీ కార్పెట్. చెప్పకముందే పరిచేస్తారు, అందంగా ఉంటుందని. వినపడని కళాకారులు డప్పు దెబ్బను చెక్క అదురుతో అరికాళ్లతో పట్టుకుంటారు. కార్పెట్ వేస్తే ఆ అదురు చచ్చిపోతుంది, అడుగు తప్పుతుంది. తీయించిన చోట కిరాయి తగ్గించమని అడిగాం, తగ్గించలేదు.

భోజనాలు రూ. 21,850. కొందరు మాంసం తినరు, కొందరికి హలాల్ కావాలి. అన్ని రోజులూ పప్పు, చారు, కోడిగుడ్డుతో గడిపేశాం. దుస్తులు, వాయిద్యాల మరమ్మతు రూ. 9,480: లంబాడీ దుస్తులకు ఊడిన అద్దాలు, కొత్త డప్పు తోలు, రాత్రి చల్లదనానికి డప్పు మెత్తబడితే కాచుకోవడానికి గడ్డి కూడా ఇందులోనే. అచ్చు పని రూ. 6,120. లంబాడీ మాటలు తెలుగు లిపిలోనే వేయించాం. ఉర్దూ పాఠాన్ని మాత్రం తెలుగు డీటీపీ చేసేవాళ్లకు టైపు రూపంలో ఇస్తే అక్షరాలు విడిపోయి తిరగబడతాయి, బొమ్మగా మార్చి ఇవ్వాలి. ఆడిటు, బ్యాంకు చార్జీలు రూ. 1,618.

నిల్వ రూ. 13,409లో ర్యాంపు పైసలు 4,700 పక్కన పెడితే మిగిలేది 8,709. బండి అతనికి టోలు, వెయిటింగు కింద ఇంకా 3,000 ఇవ్వాలి, బిల్లు రాలేదు కాబట్టి ఖర్చులో ఎక్కించలేదు. అంటే వచ్చే విడతకు మిగిలేది రూ. 5,709 మాత్రమే. ఇస్తామని చెప్పి ఇంకా ఇవ్వని చందాలు రూ. 15,000 ఉన్నాయి, వాటిని జమలో చూపించలేదు, పేర్లూ బయట పెట్టడం లేదు.

రసీదు నకళ్లు, మస్టర్లు, బిల్లులు, జోలె కాగితాలు కోశాధికారి దగ్గర ఉన్నాయి. చందా ఇచ్చినవాళ్లు, ఆడినవాళ్లు ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఏదైనా పద్దు మీద అభ్యంతరం ఉంటే రసీదు నంబరు వేసి కాగితం మీద రాసివ్వండి. తర్వాతి సర్వసభ్య సమావేశంలో జవాబు చదివి మినిట్స్‌లో ఎక్కిస్తాం.